పాట వస్తోంది

"నా గాజుల జోలికి రావద్దు పెద్దయ్యా. పాటొస్తంది, ఇను!" కాయిన్ బాక్సు రిసీవరును ఎల్లాజీ ముఖం మీదికి చాచింది దుర్గ.

జాలారిపేట సందు మొదట్లో, కృష్ణంరాజు సెల్‌ఫోన్ల కొట్టు ముందు పేటంతా పోగైంది. దుర్గ మొగుడు సింహాద్రి తెప్ప మీద ఒక్కడే వేటకెళ్ళి వారం దాటింది. ఆ పొద్దున రుషికొండ ఒడ్డున అతని తెప్ప దుంగలు రెండు దొరికాయి. మనిషి దొరకలేదు. జరగవలసిన కార్యం జరిపించడానికి కులపెద్ద ఎల్లాజీ వచ్చాడు.

ఆయన రిసీవరు చెవికి ఆనించుకున్నాడు. డప్పులు, ఈల, వెనకే ఆడపిల్ల నవ్వు. ఆ ఏడాది పెళ్ళిళ్ళలో, వినాయకుడి పందిళ్ళలో, ఆఖరికి శవం ముందు బ్యాండులో కూడా వాయించిన సినిమా పాట. సింహాద్రి నెలనెలా డబ్బు కట్టి మరీ దాన్ని కాలర్ ట్యూన్‌గా పెట్టుకున్నాడు.

"ఒలే, ఈ బూతుపాట నాకినిపిత్తావేటి?"

"బూతైతే ఏటి పెద్దయ్యా? ఫోను నీల్లల్లో మునిగితే పాటొస్తాదా? స్విచ్చాఫని సెప్తాది. నడిసంద్రంలో ఉంటే సిగ్నలుండదు, అప్పుడూ రాదు. పాటొస్తందంటే ఎక్కడో ఒడ్డు మీదున్నాడు. ప్లాస్టిక్ కవర్లో సుట్టి నడుంకి కట్టుకుంటాడు ఫోను, తడవదు."

ఆమె లెక్కలో ఎవరికీ తప్పు కనబడలేదు. జనం తలలూపారు.

సింహాద్రి తల్లి నూకాలు ముందుకొచ్చి రిసీవరు అందుకుంది. కొడుక్కి ఫోను చేస్తే ఈ పాట మొదటిసారి వినబడినప్పుడు వాడు ఇంటికి రాగానే మీదికి చీపురు విసిరిన మనిషి. ఇప్పుడు కళ్ళు మూసుకుని, ఖాళీగా ఉన్న చేత్తో గుండెల మీద దణ్ణం పెట్టుకుంది.

"తెప్ప రాకపోతే మా అత్తలు ఒడ్డున కూకుని గంగమ్మకి పాటలు పాడేవోరు," అంది. "ఆ పాటలు ఇప్పుడెవులికొచ్చు? నాకే సగం మరుపు. అందుకే దీన్నే ఇంటన్నాను."

ఎల్లాజీ దుర్గ వైపు తిరిగాడు. "మరి ఎత్తడేటే?"

"ఒంట్లో బాగోలేదేమో."

"వారం దాటినాది. ఇన్నాల్లు ఛార్జింగెలాగుంటాది?"

దుర్గ తడుముకోలేదు. "ఎవులో పున్నెమూర్తి మనిషిని ఇంట్లో ఎట్టుకుని సూస్తన్నాడు. ఆడే ఛార్జింగెడతన్నాడు."

"ఆడైనా ఎత్తొచ్చు గదా!"

"ఒరిస్సా వోడేమో! తెలుగు రాక బయపడతన్నాడేమో!"

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఎల్లాజీకి ఆమెతో వాదించే ఓపిక పోయింది. కౌంటరు వైపు తిరిగాడు.

"రాజుబాబూ, నువ్వు ఫోన్లోడివి. నువ్వే సెప్పు. మనిషి లేకపోతే పాటొస్తాదా?"

పేటంతా కృష్ణంరాజు నోటి వైపు చూసింది. అతను అరువు పెట్టడు, ఊరికే మాటివ్వడు. అతని మాటంటే తక్కెట్లో వేసి ఇచ్చిన సరుకేనని అందరికీ నమ్మకం. విప్పిన ఫోను మీద నుంచి అతను తలెత్తలేదు.

"ఆన్‌లో ఉంటేనే పాటొస్తాది."

"తడిస్తే?"

"తడిస్తే రాదు."

"సిగ్నలో?"

"ఉండాల."

ఇందులో ఏ ఒక్కటీ అబద్ధం కాదు. కానీ మూడూ కలిపి జనం తూకం వేసుకున్నప్పుడు సింహాద్రి బతికి ఉన్నట్టే తేలింది. నూకాలు కౌంటరు మీదికి వంగి అతని చేతులు పట్టుకుంది. కృష్ణంరాజు స్క్రూడ్రైవరు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"దుర్గా, ఇంకొక మాట..."

"వద్దు బాబూ!" దుర్గ రెండు చేతులూ జోడించింది. "మంచి మాట సెప్పినావు. సాలు. రెండో మాటొద్దు. నీ కాల్లట్టుకుంటాను."

కృష్ణంరాజు మళ్ళీ స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

ఎల్లాజీ కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే. పాటొచ్చినన్నాల్లూ ఈ పిల్ల గాజుల మాట నానెత్తను. పాట ఆగిననాడు మాత్రం ఎవులూ అడ్డం రాకూడదు. ఏటే?"

"అలాగే," అంది దుర్గ. "ఆగితే గదా!"

ఆమె రిసీవరు పెట్టేసింది. అవతల ఎత్తలేదు కనక వేసిన రూపాయి మళ్ళీ జారి పెట్టె కింది అరలో పడింది. తీసి కొంగున ముడేసుకుంది. వారం నుంచీ అదే రూపాయి. వేస్తుంది, వింటుంది, తిరిగి తీసుకుంటుంది. ఇటు వాళ్ళకి ఖర్చు లేదు, అటు కొట్టుకి రాబడి లేదు. ఎవరికీ నష్టం లేనట్టు కనిపించే బేరం ఎప్పుడూ ఎవరో ఒకరి మెడకి చుట్టుకుంటుంది.

"రేపొస్తాను బాబూ," అంది దుర్గ, అత్త చెయ్యి పట్టుకుని మెట్టు దిగుతూ.

"రామ్మా," అన్నాడు కృష్ణంరాజు.

జనం చెదిరిపోయారు. పిల్లలు ఆ పాటే కూనిరాగం తీస్తూ ఒడ్డు వైపు పరిగెత్తారు. కృష్ణంరాజు షట్టరు సగానికి దించి, సొరుగు లాగి, రింగు వినపడటం లేదు, బాగుచెయ్యమని వేటకెళ్ళే పొద్దున సింహాద్రి ఇచ్చి వెళ్ళిన ఫోనుకి ఛార్జరు గుచ్చాడు.