నీలిరంగు పళ్లెం పంచాయితీ

ఇలా దగ్గరికి జరుగు. గట్టిగా చెప్పే సంగతి కాదిది.

అమెరికాలో, అట్లాంటా దగ్గరి కమ్మింగ్‌లో ఉండే మీనాకీ పద్మినికీ ఒకటే పిచ్చి. నీలం బొమ్మలు అచ్చేసిన పాతకాలం ఇంగ్లీషు పింగాణీ. ఓ ముసలి దొరసాని పోతే, ఇంట్లో సామానంతా ఎస్టేట్ సేల్‌లో పెట్టారు. అక్కడ కవలపిల్లల్లాంటి రెండు పెద్ద పళ్లేలు దొరికాయి. నూట యాభై ఏళ్ల నాటివట. ఏటి ఒడ్డున కోట, కోట ముందు ఆవు. ఆ ఆవుది అచ్చం గాడిద మొహం. అయినా ఇద్దరూ చెరొకటి గుండెకి హత్తుకున్నారు. ఏ దొర అందులో ఏం కోసుకు తిన్నాడోనని పసుపునీళ్లతో ముమ్మారు కడిగారు.

పోయిన శనివారం వాళ్ల స్నేహితురాలు మృదుల ఇంట్లో పాట్‌లక్, ఎవరి వంట వాళ్లు తెచ్చే విందు. మీనా పళ్లెంలో గారెలు, పద్మిని పళ్లెంలో బొబ్బట్లు. తిన్నాక మృదుల కడుగుతుంటే ఒకటి జారి నాలుగు ముక్కలైంది. ఎవరిదో ఎవరికి తెలుసు? ముక్కలు చెత్తబండి ఎక్కాయి. మిగిలినదాన్ని మీనా గబుక్కున తువ్వాల్లో చుట్టి తెచ్చుకుని, వంటింటి గోడకి తగిలించింది. పద్మిని చూసింది.

బుధవారం పొద్దున్నే మీనా ఇంటికి వచ్చి దిగింది.

"మీటింగ్‌లో ఉన్నానక్కా, పది నిమిషాలు," అంది మీనా, లాప్‌టాప్ ముందు నుంచి లేవకుండానే.

"కానీవే. టీ నేను పెడతాలే. అల్లం ఎక్కడుంది?"

వంటింట్లోంచి జుయ్‌మని ఒకటే మోత. అల్లానికి కూడా మిక్సీ వేస్తుందా ఈవిడ అనుకుంటూ మీనా మ్యూట్ నొక్కుకుంది.

టీ వచ్చింది. రెండు గుక్కలయ్యాక పద్మిని మొదలెట్టింది.

"మీనా, ఆ గోడ మీది పళ్లెం నాది."

"అదేంటక్కా! పగిలింది నీదేగా?"

"ఎవరు చెప్పారు, పళ్లెం చెప్పిందా? మా అమ్మ గరిటెకి కూడా పేరు చెక్కించే మనిషి. నేనూ అంతే. మృదులకి వీడియో కాల్ చెయ్యి. దాని ముందే తిప్పి చూద్దాం."

మీనా టీ కప్పు కింద పెట్టేసింది. పళ్లెం పోతే పోయింది. ఎత్తుకొచ్చిందన్న మాట వాట్సాప్ గ్రూప్‌కి ఎక్కితే కమ్మింగ్‌లో ఎవరింటికి వెళ్తుంది, ఏ మొహం పెట్టుకుని?

ఫోన్‌లో మృదుల కళ్లార్పకుండా చూస్తోంది. మీనా పళ్లెం దించి తిప్పింది. కంపెనీ ముద్ర పక్కనే గుండ్రటి తెలుగు అక్షరాలు: పద్మిని.

"అయ్యో మీనా!" అంది మృదుల.

"ఒట్టక్కా, నేనెప్పుడూ వెనక్కి తిప్పి చూడలేదు. సారీ."

మీనా పళ్లెం చుట్టి ఇచ్చింది. సిగ్గుతో ఓ ఆవకాయ సీసా కూడా చేతిలో పెట్టింది. పద్మిని వద్దనలేదు.

ఇక మిగిలింది ఒక్క ముక్క. మర్చిపోకు. రేపు నువ్వు నలుగురికీ చెప్పేటప్పుడు దీన్ని చివరికే ఉంచు. పద్మిని కారు వీధి మలుపు తిరిగాక, ఒలికిన పంచదార తుడుద్దామని మీనా వంటింటి గట్టు మీద చెయ్యి వేస్తే, వేళ్లకి అంటింది పంచదార కాదు, అప్పుడే చెక్కిన పింగాణీ పొడి.