కిష్టమ్మకు రాని మిషన్

గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్ల నడుమ మిగిలిన రేకుల షెడ్డులో కిష్టమ్మ పొయ్యిల మీద వడ్లు ఉడకబెట్టి, ఇడ్లీలకు పనికొచ్చే ఉప్పుడు బియ్యం చేసి టిఫిన్ సెంటర్లకు పోస్తుంది. ఆ పని పొగ లేకుండా, సగం సమయంలో అయ్యేలా మాదాపూర్‌లో ఇంజనీరుగా పనిచేసే సంయుక్త ఒక ఆవిరి డ్రమ్ము తయారుచేసి తెచ్చింది. కిష్టమ్మ సరేనంటేనే కంపెనీ మరికొన్ని డ్రమ్ములు చేయిస్తుంది.

“నీళ్లు పోసి, మూత బిగించి, పచ్చ బటన్ నొక్కితే చాలండి. ఉడకగానే అదే ఆగిపోతుంది,” అంది సంయుక్త.

కిష్టమ్మ ఎర్ర బటన్ నొక్కింది. రెండోసారి నీళ్లు మరిచింది. మూడోసారి మూత బిగించలేదు.

“నాకు వస్తలేదు బిడ్డా,” అంది.

కుర్చీలో కూర్చుని చూస్తున్న ఆమె భర్త పకపకా నవ్వాడు. “మిషన్లు నడుపుడు ఆడోళ్లతోని ఏడయితది? జరుగు!” అంటూ లేచి, నీళ్లు పోసి, మూత బిగించి, పచ్చ బటన్ నొక్కాడు. అరగంటలో వడ్లు సమంగా ఉడికాయి. ఆయన మీసం మెలేశాడు.

సంయుక్త మొహం చిన్నబోయింది. కిష్టమ్మను షెడ్డు బయటికి తీసుకెళ్లి, “మీకు అర్థమయ్యేలా డిజైన్ మార్చి తెస్తానండి,” అంది.

“ఏం మార్చకు, మస్తుగున్నది. నువ్వు చెప్పంగనే నాకు సమజైంది,” అంది కిష్టమ్మ గొంతు తగ్గించి. “ఇరవై ఏండ్ల సంది వడ్లు ఉడకబెట్టుడు ఆడోళ్ల పని అనుకుంట కూసున్నడు. ఇగ చూడు, రేపటి సంది నన్ను ఈ మిషన్ ముట్టనియ్యడు.”