ఫ్యాన్‌లో జుట్టు

"మళ్ళీ జుట్టే చుట్టుకుంది సార్," అన్నాడు మెకానిక్, ల్యాప్‌టాప్ ఫ్యాన్‌ని పైకెత్తి చూపిస్తూ. "గాలాడక గ్రాఫిక్స్ చిప్ కాలిపోతోంది. పోయినసారి మొత్తం శుభ్రం చేసే ఇచ్చాను కదా!"

పొడవాటి నల్లని వెంట్రుకలు. కూతుర్ని వెంటబెట్టుకుని షాపుకొచ్చిన తండ్రి వంగి చూశాడు. కూతురిది మెడ దాటని క్రాపు. అంత పొడుగు జడ ఆ ఇంట్లో ఒక్క మనిషికే ఉండేది. ఆవిడ పోయి ఏడాది దాటింది.

"ఇది... మీ అమ్మది," అన్నాడు కూతురితో.

పక్కనే నిలబడ్డ కూతురు తల దించుకుంది. "అమ్మ సవరం నాన్నా. నేనే పెట్టుకుంటున్నా."

"నువ్వా? ఎందుకమ్మా?"

"నాది అమ్మ పోలికే అంటారుగా అందరూ. ఆ జడ ముందుకేసుకుని, కెమెరా ఆన్ చేసి కూర్చుంటా. కాస్త పక్కకి తిరిగితే తెర మీద అచ్చం అమ్మే. ల్యాప్‌టాప్ కట్టెయ్యబుద్ధి కాదు. గంటలు గంటలు అలాగే వదిలేస్తా."

మెకానిక్ చేతిలో పని ఆగిపోయింది. తండ్రి ఎక్కడ తిడతాడోనని కూతురు బిక్కుబిక్కుమంటూ చూసింది.

ఆయన ఫ్యాన్ నుంచి ఒక వెంట్రుకని జాగ్రత్తగా లాగి వేలికి చుట్టుకున్నాడు.

"నవ్వుతుందా?" అని అడిగాడు మెల్లగా.

"నేను నవ్వితే నవ్వుతుంది."

ఆయన మెకానిక్ వైపు తిరిగాడు. "సాయంత్రంకల్లా బాగుచేసి ఇచ్చెయ్యి బాబూ. మా ఇద్దరికీ దాంతో పనుంది."