నాలుక పరీక్ష

"నాలుక ఉందేమో అడుగమ్మా," అన్నాడు శేషగిరి, టాకో బండి కిటికీలోకి తొంగిచూస్తూ.

కూతురు మృదుల నోరు తెరిచేలోగా లోపలి మనిషే తెలుగులో జవాబిచ్చాడు.

"ఉంది మామా."

శేషగిరి ఉలిక్కిపడ్డాడు. పక్కనే ప్లేట్లు పట్టుకుని తింటున్న ఎమ్మెస్ కుర్రాళ్ళు గొల్లున నవ్వారు.

"వీళ్ళే నేర్పారు నాన్నా," అంది మృదుల గబగబా. "మతేయో మెక్సికన్. తెలుగువాళ్ళు ఎవరొచ్చినా మామా అంటాడు."

షామ్‌బర్గ్‌లో మేకమాంసం కొట్టు శేషగిరిది. మణికట్టు నొప్పితో కత్తి పట్టలేకపోతున్నాడు. నమ్మకమైన చెయ్యి దొరక్కపోతే ఈ వేసవితో కొట్టు మూసేయాల్సిందే. "నీకు ఒక మనిషిని చూపిస్తాను, రా" అని మృదులే ఈ ఆదివారం బయల్దేరదీసింది. మెత్తని కండ ఎవరైనా వండుతారు, పనితనం తేలాలంటే ఎవరూ అడగని ముక్క అడగాలని అతని లెక్క.

మతేయో ఉడికిన మేక నాలుక మీది మందపాటి తోలును మేజోడు విప్పినట్టు ఒక్క లాగులో తీసేశాడు. సన్నగా తరిగి, పెనం మీద వేయించి, మొక్కజొన్న రొట్టెలో పెట్టి, కొత్తిమీర చల్లి, నిమ్మకాయ పిండాడు.

ముక్క పంటికి తగలకుండానే కరిగిపోయింది.

"దీన్నా నేను ఇన్నేళ్ళూ తలకాయతో కలిపి ఊరికే ఇచ్చేసింది," అని గొణిగాడు శేషగిరి.

"దవడ కూడా టేస్ట్ చెయ్యి నాన్నా."

దవడ తిన్నాడు. "ఇక బోటి. ఎంతటివాడైనా అక్కడ దొరికిపోతాడు."

బోటి పైన కరకరలాడింది, లోపల వెన్న. నీచువాసన మచ్చుకైనా లేదు. శేషగిరి గర్భగుడి ముందు నిలబడ్డట్టు కళ్ళు మూసుకున్నాడు.

మృదుల ప్లేటు వచ్చింది. ఆమె చెప్పకపోయినా అందులో ఉల్లిపాయ లేదు. గిరాకీ అలవాట్లు గుర్తుపెట్టుకుంటున్నాడు, జమ. పెనం సెగలోనూ ఇస్త్రీ చొక్కా, అదీ జమే.

"ఇంట్లో ఎవరెవరున్నారు?" శేషగిరి ఇంగ్లీషులో అడిగాడు.

"అమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు."

"తాగుతావా?"

మతేయో అడ్డంగా తల ఊపి చెమట తుడుచుకున్నాడు. మృదుల ప్లేటు ముట్టుకోలేదు.

"నీకెందుకమ్మా టెన్షన్?" అన్నాడు శేషగిరి. "కొట్టు అప్పగించేవాణ్ణి ఈమాత్రం అడగొద్దా?"

"అడుగు నాన్నా. అన్నీ అడుగు."

అడగడానికి ఇంకేం మిగల్లేదు. "రేపటినుంచి నా కొట్టు నీ చేతిలో పెడతాను. వస్తావా?"

మతేయో బండి దిగి వచ్చాడు. చేతులు తుడుచుకుని నమస్కారం పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు.

"చాలా సంతోషం, మావయ్యగారూ."

శేషగిరి కుర్రాళ్ళ వైపు తిరిగి నవ్వాడు. "ఏరా, మర్యాద కూడా నేర్పేశారే."

"మేం నేర్పింది మామా ఒక్కటే అంకుల్," అన్నాడు వాళ్ళలో ఒకడు.

మృదుల వెళ్ళి మతేయో పక్కన నిలబడింది.

"అది నేర్పింది నేను నాన్నా."