నాలుగు వేళ్ళ ఎత్తు

కారు పొట్ట మళ్ళీ గీసుకుంది.

ఆ చప్పుడు కాంట్రాక్టరుకి తన వీపు మీద గీసినట్టే ఉంది. దిగి, నడిరోడ్డు మీద మోకాళ్ళేసి కిందికి చూశాడు. దేవుడి ముందు కూడా ఏనాడూ అంత వంగి ఉండడు.

కారుకీ నేలకీ మధ్య నాలుగు వేళ్ళ ఎత్తు. మలుపులో ఉన్న స్పీడ్ బ్రేకర్ అంతకన్నా కాస్త ఎక్కువ. గొడవంతా అదే.

ఆదివారం పొద్దున కాఫీ షాపు ముందు అలాంటి కార్లున్న ముగ్గురూ చేరి ఇదే తగువు పెట్టుకున్నారు.

పళ్ళ డాక్టరు డిజైన్ని వెనకేసుకొచ్చాడు. బండి నేలకి అతుక్కుని ఉంటేనే ఆ వేగంలో గాలికి లేవదట. అందమూ అక్కడే ఉందట. నగల షాపాయన అందం సంగతి తర్వాత చూద్దామన్నాడు. డాష్‌బోర్డు మీద ఊరికే ఎర్రలైటు వెలుగుతుంది, షోరూంకి తీసుకెళ్తే ఏమీ లేదంటారు, ఇంటికి తెచ్చుకుంటే మళ్ళీ వెలుగుతుంది.

"అలిగి పుట్టింటికెళ్ళిన పెళ్ళాంలా ఉంది నా బండి. ఎప్పుడు పంపిస్తారో షోరూం వాళ్ళు చెప్పరు, మనం గట్టిగా అడగలేం."

కాంట్రాక్టరు నవ్వలేదు. కారు అడుగున ఉండే రేకు మళ్ళీ మార్చాలి. ఆ ముక్క పైదేశం నుంచి ఓడలో రావాలి.

ముందు భాగం పైకి లేపే బటనుంది కదా, నొక్కి కాసేపు ఆగవయ్యా అన్నాడు డాక్టరు.

"ఆగడానికా ఈ కారు కొన్నది?"

చివరికి తప్పు కారుదీ కాదు, నడిపేవాడిదీ కాదు, రోడ్డుదేనని ముగ్గురూ తేల్చేశారు. రోడ్డు నోరెత్తదు కదా.

మర్నాడు కాంట్రాక్టరు తన మనుషుల్ని పంపాడు. పక్కనే బడి ఉందయ్యా అని మేస్త్రీ నసిగాడు. నీ పని తవ్వడం, తవ్వు అన్నాడు. మధ్యాహ్నానికల్లా స్పీడ్ బ్రేకర్ పోయి, రోడ్డు చదునైంది.

రెండ్రోజుల్లో అది మళ్ళీ లేచింది.

ఎవరో ఇటుక ముక్కలు పేర్చి, సిమెంటు మెత్తి, పైన సున్నంతో తెల్లచారలు కూడా గీశారు.

కాంట్రాక్టరు వెతికి పట్టుకున్నాడు. గడ్డం మాసిన ఓ పెద్దాయన. ఆ వీధిలో అందరూ గతుకుల తాత అంటారట. మలుపులో కుట్టుమిషను పెట్టుకున్న ఒకావిడ ఇంటి కొళాయి దగ్గర తాపీ కడుక్కుంటున్నాడు. ఆవిడ లోపల్నుంచి వచ్చి చెంబుతో నీళ్ళిచ్చి వెళ్ళింది. ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. ఏళ్ళ తరబడి కాపురం చేసినవాళ్ళు అలాగే ఉంటారులే అనుకున్నాడు కాంట్రాక్టరు.

"ఏం పెద్దాయనా, రోడ్డు నీ సొత్తా?"

"కాదు బాబూ."

"మరి?"

"మలుపు తిరిగితే గానీ బడి గేటు కనపడదు. పిల్లలు చూసుకోరు, పరిగెత్తుకుంటూ వచ్చేస్తారు. ఈ కాస్త దూరం మెల్లగా పోనివ్వు బాబూ."

కాంట్రాక్టరు మళ్ళీ తవ్వించాడు. ఆయన మళ్ళీ కట్టాడు.

ఈసారి స్టేషనుకి ఫోను వెళ్ళింది. సర్కారు రోడ్డు పాడు చేస్తున్నాడని కేసు. ఆ రోడ్డు మొదట తవ్వించిందెవరని ఎవరూ అడగలేదు. చట్టానికి ఎవరి ఫోను ఎత్తాలో బాగా తెలుసు. ముసలాయన్ని జీపెక్కించారు. పారా తాపీ లాక్కున్నారు.

ఇక రోడ్డు అద్దంలా ఉంది.

అయినా ఆ మలుపు దగ్గరికి రాగానే కాంట్రాక్టరు నడుముకి దడ్‌మని తగిలేది. ఏదో ఎక్కి దిగినట్టు. కారాపి వెనక్కి నడిచి చూసేవాడు. ఏమీ ఉండేది కాదు. కారు షెడ్డుకి పంపితే అంతా విప్పి చూసి, ఏ లోపమూ లేదన్నారు. ఈసారి మార్చాల్సింది కారు అడుగు కాదు, నీ బుర్ర అని డాక్టరు వేళాకోళం చేశాడు.

ఓ సాయంత్రం, ఆ దడ్ సంగతేదో ఇవాళ తేల్చుకుందామని, మలుపు దగ్గర కాలు ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

బడి వదిలే వేళ.

ముసలాయన్ని ఆ పొద్దునే జైలు నుంచి వదిలేశారు. కాంట్రాక్టరుకి తెలీదు.

మలుపు తిరిగేసరికి రోడ్డుకడ్డంగా ఆయన. చేతిలో పార లేదు, తాపీ లేదు. రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ఆయన వెనక పిల్లలు రోడ్డు దాటుతున్నారు.

బ్రేకులు పట్టాయి. కారు మంచిదే.

పిల్లల్లో ఒక్కరికీ గీత పడలేదు. ముసలాయన మాత్రం లేవలేదు.

బెయిలు మీద బయటికొచ్చాక కాంట్రాక్టరు తాళం ముట్టలేదు. డాక్టరు ఫోను చేస్తే ఎత్తలేదు. కళ్ళు మూస్తే చాచిన చేతులు, తెరిస్తే గోడ మీద అవే. తలుపు తీసినా, కిటికీ తీసినా, అడ్డంగా అవే చేతులు.

చివరికి ఒకరోజు నడుచుకుంటూ ఆ మలుపుకొచ్చి, కుట్టుమిషను ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు.

ఆవిడ తలెత్తింది. ఎవరో పోల్చుకుంది. మళ్ళీ గుడ్డ కుట్టుకుంటూ కూర్చుంది.

గోడకి ఓ పిల్ల ఫొటో. రెండు జడలు, బడి యూనిఫాం, ఫొటోకి దండ. చూడగానే అతనికి అంతా అర్థమైపోయింది.

"పాప పోయింది ఇక్కడేనా అమ్మా?"

ఆవిడ తలూపింది.

"నాకు తెలీదమ్మా. మీ ఆయన కట్టిందల్లా తవ్వించాను, ఆయన్ని జైల్లో వేయించాను, ఆఖరికి..." ఫొటో వంక చూశాడు. "కన్నతండ్రి కాబట్టి అంత పట్టుబట్టాడని తెలుసుకోలేకపోయాను."

మిషను ఆగింది.

"పాప కన్నతండ్రి అది పొత్తిళ్ళలో ఉండగానే పోయాడు," అంది ఆవిడ. "ఈ పెద్దాయనకీ మీలాంటి కారే ఉండేది, పాప పడింది దాని కిందే, ఆ తర్వాత ఓ రోజు మీలాగే నడుచుకుంటూ వచ్చి ఈ గుమ్మంలోనే నిలబడ్డాడు."