తలుపులు తీసిన గదులు

హైదరాబాదులో లాడ్జి గదులకు చక్రాలు వచ్చాక, ఎక్కడ దిగాలన్న బెంగ చాలామందికి తీరింది. ఆసుపత్రి దగ్గర బసలన్నీ నిండిపోవడంతో ఎల్లవ్వ, నెలలు నిండిన కూతురు రమ్య కోసం ఊరి చివర అలాంటి గదే తీసుకుంది. పొద్దున ఆసుపత్రికి బయలుదేరిన గది, అమీర్‌పేటలో ఒకదాన్నొకటి ఆనుకుని నిలిచిపోయిన గదుల మధ్య ఇరుక్కుంది. అప్పుడే రమ్యకు నొప్పులు మొదలయ్యాయి.

ఎల్లవ్వ తమ ముందున్న గది తలుపు బాదింది. దోసెలు పోస్తున్న ఒకామె తీసింది.

"అక్కా, నా బిడ్డకు నొప్పులొస్తున్నయ్. దవాఖాన గా ముంగట్నే ఉంది. ఈ సందులకెల్లి ఎట్ల తీస్కపోవాలె?"

"సందులెందుకు? మా లోపటికెల్లే రాండ్రి!" అంటూ ఆమె పొయ్యి ఆపి, అవతలి తలుపు తెరిచి, తర్వాతి గదిని తట్టింది.

అలా ఒక్కో గదీ తలుపు తీసింది. ఒకచోట పూజ ఆపి పక్కకు జరిగారు. ఇంకోచోట నిద్రపోతున్న ముసలాయన లేచి మంచం మడిచాడు. ఇద్దరు ఆడవాళ్లు రమ్యను చెరో రెక్క పట్టుకుని ఆసుపత్రి మెట్ల దాకా నడిపించారు.

మధ్యాహ్నానికి మనవరాలు పుట్టింది. ఎల్లవ్వ పాపను ఎత్తుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. కింద గదులు మెల్లగా కదిలిపోతున్నాయి. తమకు దారిచ్చినవి ఏవో పోల్చుకోలేక, ఆమె వెళ్తున్న ప్రతి గదికీ పాపను చూపించింది.