మిగిలిన పదకొండు

“ఐదింటికి రిజిస్టరు మూసేస్తానమ్మా. మీ బిడ్డ సమాధి ఎక్కడుందో మీరే చెప్పలేకపోతే నేనేం చెయ్యను?” అంది సౌజన్య. అన్న మరుక్షణమే తన నోటిని తనే తిట్టుకుంది.

ఎదురుగా నిలబడ్డ కృపమ్మ ఆళ్లగడ్డ బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చింది. చంకలో పాతచీర ముక్కలో చుట్టిన చిన్న రాతిపలక. విగ్రహాలు చెక్కే షెడ్డులో రాళ్లకు పాలిష్ పట్టే కూలి ఆమెది. పలక మీద సిలువ చెక్కించుకుంది గానీ పేరు చెక్కించలేదు. రెండు రోజులు బతికిన బిడ్డకు పేరెక్కడిది?

“ఈ ఊరి ఆస్పత్రిలో నాకు తెలివి లేదు పాపా. మా ఆయన జోసెఫే తెచ్చి ఈడ పూడ్చినాడు. యాడ అని అడిగితే ఏడుస్తాండె. ఇంక అడగలే. ఇప్పుడు ఆయప్పా పోయినాడు. ముప్పై ఏండ్లాయ. ఈ సమాధుల తోటలో యాడ కాలు పెట్టాలన్నా భయమే, బిడ్డను తొక్కుతానేమోనని.”

నంద్యాల శివారులోని ఈ బేతనియ కాలనీ కింద, భూమి లోపల, రైలు స్టేషన్ కట్టబోతున్నారు. లోపలికి దిగే పెద్ద గొయ్యి సరిగ్గా ఈ సమాధుల తోటలోనే పడుతుంది. సోమవారం యంత్రాలు వస్తాయి. ఆలోగా సమాధులన్నీ విప్పి, ఎవరి ఎముకలు వాళ్లవాళ్లకు పెట్టెల్లో అప్పగించి, ఊరవతల కొత్త తోటకు చేర్చాలి. ఎవరివో తేలనివన్నీ కలిపి ఒకే గోతిలో వేస్తారు. దీనికంతటికీ కాలనీవాళ్లను ఒప్పించడమే స్టేషన్ కట్టే కంపెనీలో సౌజన్య ఉద్యోగం. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల చెబితే వింటారని కంపెనీ ఆశ.

విన్నారు పాపం! మొదటి మీటింగులో గుక్కెడు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. సంఘ పెద్ద ప్రభాకర్ మొహం మీదే అనేశాడు: “ముందు మీయమ్మను తవ్వించు పాపా. ఆపైన మా అమ్మల సంగతి మాట్లాడుదువు.”

తవ్వించింది. తల్లి ఎముకలు ఒక్కొక్కటీ తన చేతులతోనే తుడిచి, తెల్లగుడ్డలో చుట్టి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆ పూటంతా ఏడ్చింది. అది చూశాక కాలనీ మెత్తబడింది.

ఆ సమాధి చూపించింది శాంతయ్య. నలభై ఏళ్లుగా ఈ తోటలో గోతులు తవ్విన మనిషి ఆయనే. పేదోళ్ల సమాధుల మీద చెక్క సిలువలు తప్ప ఏముంటాయి? కుందూ నది పొంగిన ఏడాది అవన్నీ కొట్టుకుపోయాయి. సంఘం రిజిస్టరు నాని ముద్దయిపోయింది. ఇక ఎవరికైనా దిక్కు శాంతయ్యే. వచ్చినవాళ్లను రెండు మాటలు అడిగి, కాసేపు కళ్లు మూసుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి గడ్డపార నాటేవాడు. ఇప్పటికి అరవై రెండు సమాధులు చూపించాడు, ఒక్కచోట తడుముకోలేదు. ఎనభై ఏళ్ల వయసులో ఆ జ్ఞాపకశక్తికి ఇంజినీర్లే నోళ్లు వెళ్లబెట్టారు.

“తాతా, ఒకసారి ఇట్లా రా,” అని పిలిచింది సౌజన్య.

శాంతయ్య వచ్చి, విషయం విని, కృపమ్మ మొహంలోకి చూశాడు.

“జోసెఫ్ అంటే... కుడిచేతికి రెండు వేళ్లుండవు, ఆయప్పేనా?”

కృపమ్మ ఉన్నచోటనే కూలబడింది. “ఆయనే చిన్నాయనా! రాయి పడి తెగినాయి. నీకు గుర్తుండాడా?”

“ఎట్ల మర్చిపోతా? వాన పడతాండె. బిడ్డ తడుస్తాదని తన సొక్కా ఇప్పి చుట్టినాడు. గోతిలో పెట్టనీలేదు. నేనే గుంజుకోవాల్సి వచ్చె.”

ముప్పై ఏళ్లుగా మొగుడు నోరు విప్పి చెప్పని మాట అది. కృపమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. శాంతయ్య కళ్లు మూసుకుని నిలబడ్డాడు. తర్వాత ప్రహరీ వైపు నడిచి, మూలనున్న చిన్న మట్టిదిబ్బ దగ్గర గడ్డపార దించాడు.

“ఈడ.”

మూడడుగులు తవ్వారు. ఎముకన్నదే కనిపించలేదు, అంతా నల్లమట్టి.

“పసి ఎముకలు కదమ్మా, నిలవవు. మట్టిలో కలిసిపోయుంటాయి. ఈ మట్టే నీ బిడ్డ,” అన్నాడు శాంతయ్య.

కృపమ్మ దోసిళ్లతో మట్టి ఎత్తి పెట్టెలో పోసుకుంది. దోసిలికి అంటుకున్నది కూడా దులపకుండా పెట్టె అంచుకు రాసింది. మూత పెట్టి గుండెలకు హత్తుకుని, “బరువుండావే తల్లీ,” అంది. సౌజన్య అక్కడ నిలబడలేకపోయింది.

కృపమ్మ వెళ్లేసరికి ఐదు దాటింది. తోటలో ఇంకా పదకొండు దిబ్బలు మిగిలాయి. వాటి కోసం ఎవరూ రాలేదు, ఇక రారు కూడా. రేపు ఆ పదకొండు మందీ ఒకే గోతిలో కలిసిపోతారు. సౌజన్యకు ప్రాణం ఒప్పలేదు. మూసిన రిజిస్టరు మళ్లీ తెరిచింది.

“తాతా, వాళ్ల మనుషులు రాకపోతేనేం? నువ్వు పేర్లు చెప్పు, నేను రాసుకుంటా. పేరుంటే తలా ఒక పెట్టె ఇప్పిస్తా. మొదటిది ఎవరిది?”

శాంతయ్య గడ్డపార కొనకంటిన మట్టిని వేలితో గోకసాగాడు.

“పోనీ, ఆ పక్కది?”

ఆయన గడ్డపార కింద పడేసి దిబ్బ పక్కనే చతికిలబడ్డాడు.

“ఎవరన్నా వస్తే చూపిస్తా పాపా. ఊరికే పేర్లు చెప్పమంటే యాడ చెప్పేది?”

“ఏంది తాతా నువ్వు! అరవై మూడు చూపించినోడివి, ఈ పదకొండు చెప్పలేవా?”

“పూడ్చినోళ్లంతా గుర్తే. ఎవరెట్ల ఏడ్చినారో అదీ గుర్తే.”

“మరింకేం?”

శాంతయ్య దిబ్బ మీది మట్టి గుప్పెట్లోకి తీసుకుని, మళ్లీ దిబ్బ మీదే వదిలేశాడు.

“ఏ దిబ్బ ఎవరిదో మొదట్నించీ నాకొక్కటీ తెలీదమ్మా.”